చెవికి వినపడని టోపీ

"తప్పు" అన్నాడు పరీక్షాధికారి, ఎర్రకలం మూత తీస్తూ.

"ఒప్పే సార్" అంది రికార్డుల గది గుమాస్తా.

తలుపు బార్లా తీసే ఉంది. బయట బెంచీ మీద వంతు కోసం కూర్చున్నవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆయన తప్పన్నాక ఒప్పన్నవాళ్ళు ఇంతవరకూ లేరు మరి.

ఆవిడకిది మూడో ప్రయత్నం. వయసు లెక్క ప్రకారం ఆఖరిది కూడా. ఈ ఫ్రెంచి నోటిపరీక్ష గట్టెక్కితే పై అంతస్తులో అనువాదకురాలి కుర్చీ. లేదంటే రిటైరయ్యేదాకా బూజుపట్టిన ఫైళ్ళకి తాళ్ళు కట్టుకుంటూ కూర్చోవడమే.

అడిగింది ఇంపర్ఫెక్ట్ సబ్జంక్టివ్. "అతను ముగించాలని కోరుకున్నాను" లాంటి మాటలకి ఫ్రెంచివాళ్ళు ఒకప్పుడు వాడిన క్రియారూపం. ఇప్పుడు పాత పుస్తకాల్లోనూ, ఇదిగో, ఇలాంటి పరీక్షల్లోనూ తప్ప ఎక్కడా కనబడదు. "నేను" దగ్గర్నుంచి "వాళ్ళు" దాకా ఆరు రూపాలు. దాదాపు అన్నీ స్ స్ అంటూనే సాగుతాయి. మూడు నెలలుగా ఆవిడ కూరలు తరుగుతూ ఇవే వల్లిస్తుంటే, "ఏంటే, వంటింట్లో పాము గానీ దూరిందా?" అంటూ మొగుడు రెండుసార్లు కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"మళ్ళీ చెప్పమ్మా. 'ముగించడం' అనే క్రియ" అన్నాడు పరీక్షాధికారి.

"జ ఫినిస్, త్యు ఫినిస్, ఇల్ ఫిని..."

"ఆగాగు! అక్కడే. 'అతను' దగ్గర కూడా ఫినిస్ అనే అనాలి. ఫిని అంటే 'ముగిస్తాడు' అని మామూలు మాట. మొదటి నెల పిల్లలకి కూడా తెలుసు."

"చెవికి ఆ 'ఫిని', నా 'ఫిని' రెండూ ఒకటే సార్. రాస్తే తెలుస్తుంది. నేను చెప్పిన దాంట్లో చివరి 'ఇ' అక్షరం నెత్తిన చిన్న టోపీ గుర్తు ఉంటుంది."

"ఏదీ, నాకు వినపడలేదే!"

"టోపీ వినపడదు సార్."

బెంచీ మీద ఎవరో కిసుక్కుమన్నారు. పరీక్షాధికారి మొహం కందగడ్డయింది.

"ఏవమ్మా, నాకే టోపీ పెడదామనుకుంటున్నావా?"

"అయ్యో, మీకు కాదు సార్. అక్షరానికి."

ఇలా లాభం లేదని ఆయన పక్క కుర్చీ వైపు తిరిగాడు. అందులో అచ్చమైన ఫ్రెంచావిడ కూర్చుని ఉంది. ఉచ్చారణ వినడం కోసం ప్రత్యేకంగా పిలిపించారు.

"మీ భాషే కదా, మీరే చెప్పండి."

ఫ్రెంచావిడ రెండు చేతులూ పైకెత్తేసింది. "నన్నడక్కండి బాబూ! పుట్టి బుద్ధెరిగాక ఆ ముక్క నేనెప్పుడూ వాడలేదు. మా నానమ్మ వాడగా కూడా వినలేదు."

పరీక్షాధికారి గొంతు తగ్గించాడు. మనిషి దుర్మార్గుడేం కాదు, పట్టుబట్టాక దిగడం చేతకాదంతే.

"చూడమ్మా, మిగతా జవాబులన్నీ బాగానే చెప్పావు. పొరపాటైందని ఒక్క మాట అను, ఇప్పుడే పాస్ చేసేస్తాను. కాదూ కూడదంటావా, నీకే నష్టం."

ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది. అనడానికి నోరు తెరిచింది కూడా. "పొరపాటైంది సార్" అన్నది ఆఫీసులో పదిహేనేళ్ళుగా రోజుకి పదిసార్లు అంటున్న మాటే, కొత్తగా నేర్చుకోవాల్సిందేం లేదు. కానీ ఆ ఒక్క టోపీ కోసం ఎన్ని కూరలు మాడబెట్టుకుందో గుర్తొచ్చింది. ఒళ్ళు మండిపోయింది.

"పొరపాటు కాలేదు సార్! మీరు చెప్పింది వర్తమానం, మీరు అడిగింది గతం. మిగతా అయిదూ రెండిట్లోనూ అచ్చంగా ఒకేలా ఉంటాయి. తేడా అంతా ఈ ఒక్కదాంట్లోనే. ఆ బీరువాలో వ్యాకరణం ఉంది, తీసి చూడండి. నాది తప్పయితే ఇంక జన్మలో ఈ గడప తొక్కను."

ఆయన కదల్లేదు. ఫ్రెంచావిడే లేచి బీరువా తెరిచి, ఇటుకంత పుస్తకం రెండు చేతులతో దించి, ఉఫ్ మని దుమ్మూదింది. బయటి వాళ్ళందరూ తలుపు దగ్గరికి చేరారు. పేజీలు తిరిగాయి. ఆవిడ వేలు పట్టిక వెంట జారుతూ జారుతూ మూడో వరుసలో ఆగింది.

"ఉంది! టోపీ ఉంది!" అని చిన్నపిల్లలా అరిచింది.

పరీక్షాధికారి పుస్తకం ముందుకు లాక్కున్నాడు. కళ్ళజోడు పెట్టుకుని చూశాడు, తీసి చూశాడు. ఈగ రెట్టేమోనని గోటితో గీకి కూడా చూశాడు. ఊహూఁ, ఊడి రాలేదు.

తలుపు దగ్గర చప్పట్లు మోగిపోయాయి. వాళ్ళని కసరడానికి కూడా ఆయనకి ఓపిక లేదు. మార్కుల కాగితం తీసి, ఏదో రాసి, సంతకం గీకి ఆవిడ ముందుకి తోశాడు.

ఇరవైకి ఇరవై!

గుమాస్తా కళ్ళు తుడుచుకుంటూ లేచింది. పై అంతస్తుకి మెట్లెక్కుతున్నట్టే ఉంది ఆవిడకి. గొంతెత్తి ఆ ఆరు రూపాలూ ఈ వీధి చివరిదాకా వినపడేలా అరవాలనిపించింది.

"ఆగండి" అన్నాడాయన. "పని అయిపోలేదు."

ఆయన అలాంటిదే ఇంకో కాగితం తీసి, తల ఎత్తకుండా అన్ని గళ్ళూ నింపి, కాగితంతో పాటు కలం కూడా ఆవిడ చేతికిచ్చాడు.

అందులో అభ్యర్థి పేరు అన్నచోట ఆయన పేరుంది, మార్కులు అన్నచోట సున్నా ఉంది, పరీక్షాధికారి సంతకం అన్నచోట మాత్రం ఖాళీగా ఉంది.