ముందు దారి లేదు

తారురోడ్డు ఆగిపోయిన చోట డ్రైవరు లేని వ్యాను ఎప్పటిలాగే ఆగి, "ముందు దారి లేదు, దయచేసి దిగండి" అంది. జీపు కింద పడుకున్న చిలకమ్మ ఆ మాట విని, నర్సు నూకరత్నం టీకాల పెట్టెతో దిగిందని తెలుసుకుంది. ఇక్కడినుంచి కొండమీది ఊళ్లకు చిలకమ్మ పాత జీపే దిక్కు. మనిషి నడిపే బండి ఆ చుట్టుపక్కల అదొక్కటే మిగిలింది.

గేరుబాక్సు ఆయిలు నల్లగా బేసిన్లోకి కారుతోంది. చిలకమ్మ రెండు వేళ్లమధ్య రాసి వాసన చూసింది. కాస్త మాడింది గానీ కొంప మునగలేదు. పాత ఫిల్టరు తీసి కొత్తది బిగించింది.

"ఆయిలు మొత్తం తీసేసి కొత్తది పొయ్యమంటోందే" అంది నూకరత్నం, ఫోను చూస్తూ.

"దాని మాట ఇనకు నర్సమ్మా. ఇరవయ్యేళ్ల బాక్సిది. ఒక్కసారే అంతా మార్చీసినామనుకో, గేరు జారిపోద్ది. ఎంత కారిందో అంతే పోద్దాం. మిగతాది లోపలుండనీ."

"దారిలో ఆగిపోతే? మధ్యాహ్నం దాటితే మందు పాడైపోద్ది."

"అందుకే అంతా తియ్యొద్దంతన్నాను."

కారినంత కొత్త ఆయిలు పోసి, ఇంజిను ఆన్ చేసి, గేర్లన్నీ ఒక్కొక్కటిగా వేసి, ఆయిలు మట్టం చూసుకుని బయల్దేరింది. మొదటి ఎత్తులోనే జీపు తటపటాయించింది. నూకరత్నం పెట్టెను గుండెకు హత్తుకుంది. చిలకమ్మ మాత్రం యాక్సిలరేటరు మీంచి కాలు తియ్యలేదు. గేరు పట్టింది.

వెనక వ్యాను ఇంకా చెబుతూనే ఉంది, ముందు దారి లేదని. ఆ లేని దారి మలుపులో, జీపు చప్పుడు విన్న తల్లులు పిల్లల్ని చంకనేసుకుని అప్పటికే వరసలో నిలబడ్డారు.