ఇంజన్‌లో దొరికిన టార్చి

అక్క చెయ్యి రెండోసారి లేచింది. మెకానిక్ తల తిప్పుకోలేదు. మొదటి దెబ్బకే పెదవి చిట్లి కోటు మీద రక్తం పడింది. ఒక చెయ్యి గుండెకు అదుముకుని అలాగే నిలబడ్డాడు. తనను కొట్టింది, అమ్మ పోయాక అన్నం కలిపి పెట్టిన చెయ్యే.

విచారణాధికారి ఆమెను పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు. బల్ల మీద టార్చి ఉంది. సగం నలిగింది, సగం కరిగింది.

విమానం నేల వదులుతుండగా ఇంజన్ దాన్ని మింగింది. ఇంజన్ లోపల తిరిగే ఒక రెక్క విరిగి మిగతావాటిని నరికింది. ఇంజన్ పేలి, ఓ ముక్క కిటికీని చీల్చుకుని లోపలికి దూసుకొచ్చింది. పైలట్ రెండో ఇంజన్‌తో విమానాన్ని తిప్పి దించాడు. ఆ కిటికీ పక్కన కూర్చున్న అక్క భర్త తప్ప అందరూ బతికారు. శవానికి ముఖం లేదని ఆమెకు చూపించలేదు.

ఆ ఉదయం ఆ ఇంజన్ తనిఖీ చేసింది మెకానిక్‌లైన బావా బావమరుదులిద్దరే. ఒకరు దాని నోట్లోకి దూరి రెక్కలు తడిమి చూడాలి. రెండోవారు బయట నిలబడి, లోపలికెళ్లిన పనిముట్లన్నీ తిరిగొచ్చాయో లేదో చూసుకోవాలి. పని అయ్యాక, వేరే ఊళ్లో కొత్త మెకానిక్‌లకు పాఠాలు చెప్పడానికి బావ అదే విమానం ఎక్కాడు.

“లోపలికి దూరింది ఎవరు?” అధికారి అడిగాడు.

“నేనే. విమానం అందదని బావని తొందరపెట్టాను. అన్నీ తెచ్చానంటే నమ్మాడు.”

“ఇద్దరి టార్చిలూ ఒకే రకం కదా. ఇది నీదేనా?”

“నాదే. ఆయనది చేతిసంచిలో ఉండాలి. సంచి కిటికీలోంచి పోయింది కదండీ.”

“గ్యాసు కట్టేశామో లేదోనని మూడుసార్లు లేచి చూసే మనిషిరా ఆయన,” అంది అక్క. “నిన్ను నమ్మడమొక్కటే ఆయన చేసిన తప్పు. నా కూతురికేం చెప్పను? మేనమామే నాన్నని చంపాడనా?”

“అలాగే చెప్పక్కా.”

ఆమె అతని మొహాన ఉమ్మేసి వెళ్లిపోయింది.

ఉద్యోగం పోయినట్టేననీ, జైలు తప్పదనీ అధికారి చెప్పాడు. పొద్దున్నే పోలీసులు వస్తారు, ఊరు దాటొద్దన్నాడు. మెకానిక్ అన్నిటికీ తలూపి సంతకం పెట్టాడు. మొహం కడుక్కోకుండానే బయటికొచ్చి కాలవ వంతెన దాకా నడిచాడు.

కోటు లోపలి జేబులోంచి తన టార్చి తీసి నీళ్లలో పడేశాడు.