వీపు మీద చెయ్యి

డిసెంబర్ 3, మంగళవారం. కోటగిరిలో ఎర్రయ్య చొక్కా విప్పగానే ఉలిక్కిపడ్డాను. ఆయన వీపు మీద ఐదు వేళ్లూ ఎర్రగా తేలి ఉన్నాయి.

బెల్లం బట్టీల పొగ ఆయన ఊపిరితిత్తులను ఏనాడో పాడుచేసింది. కఫం కదలాలంటే రోజూ వీపు తట్టాలని ఆయన భార్య రూతమ్మకు నిన్న నేనే నేర్పాను. ఫిజియోథెరపీ చదువులో నేను సొంతంగా చూస్తున్న మొదటి రోగి ఆయన.

"నీళ్లు పట్టినట్టు అరచెయ్యి వంచుమన్న గదా అవ్వా? గిట్ల చాపి కొడ్తె దెబ్బ తగుల్తది."

"కఫం పడ్డదా, లేదా?" అంది రూతమ్మ.

పడిందట. ఎర్రయ్య ఆయాసపడుతూ నా చెయ్యి పట్టుకున్నాడు. "బిడ్డా, నువ్వే... రోజూ రా."

రూతమ్మ నవ్వింది. "సూడు, ఎట్ల భయపడ్తుండో! పెండ్లయిన కాడ్నుంచి నా ఈపు మీద గిట్లనే కొట్టిండు. నాకేం రోగముండె బిడ్డా?"

ఎర్రయ్య ఏదో అనబోయాడు. ఊపిరి అందలేదు.

ఆమె నా సంచి తెచ్చి చేతికిచ్చింది. ఆయన వేళ్లను నా చేతి మీద నుంచి ఒక్కొక్కటే విడదీసింది.

"మంచిగ నేర్పినవ్. రేపు పొద్దుగాల నువ్వు రాకు. తలుపేసుకొని నేనే చేస్త."