ఖాళీ మేకు

"తాళం మాత్రం ఇవ్వను," అన్నాడు అతను పిడికిలి బిగించి.

మెకానిక్ చేతులకంటిన నల్లనూనె గుడ్డకి తుడుచుకుంటూ నవ్వాడు. "బ్రేకు బాగుచేశాను తమ్ముడూ. నేను చెయ్యేసిన బండిని తోలి చూడకుండా ఎవరికీ ఇవ్వను. ఈ షెడ్డు పద్ధతి అది. సముద్రం మలుపు దాకా దిగుతాను, మళ్లీ ఎక్కుతాను. అంతే."

"నా బండి నేనే తోలి చూసుకుంటాను."

"చూసుకుంటావు. బ్రేకు పడకపోతే వచ్చి చెప్పడానికి నువ్వుండవు."

కొండ కొసన రేకుల షెడ్డు అది. అక్కణ్ణించి రోడ్డు మెలికలు తిరుగుతూ సముద్రం దాకా దిగుతుంది. ఒక పక్క రాయి. రెండో పక్క ఏమీ లేదు. లోయలోంచి పొగమంచు పైకి పాకుతోంది. దేశం కాని దేశం. ఇన్నాళ్ల ప్రయాణంలో అతనికి తోడంటూ ఉన్నది ఆ పాత బండి, దాని వెనక కట్టిన సంచీ. అవి పోతే కదలడానికి దారి లేదు.

షెడ్డు గోడకి వరసగా మేకులు, మేకుకో హెల్మెట్. కొన్నింటికి సొట్టలు. ఒకదానికి అద్దం సగమే ఉంది.

"ఎవరివి అన్నా అవి?"

"ఈ షెడ్డువే," అన్నాడు మెకానిక్.

మూలన పీట మీద కూర్చుని, పంక్చరైన ట్యూబుని గరుకు కాగితంతో రుద్దుతున్న మెకానిక్ భార్య తలెత్తలేదు.

"అంత అనుమానమైతే ఎట్లా? నేనూ నీలాగే వచ్చినవాణ్ణే," అన్నాడు మెకానిక్. "ఒక్కణ్ణే, బండేసుకుని, సముద్రం చూసి పోదామని. అప్పుడిక్కడ వేరే మెకానిక్ ఉండేవాడు."

"మరి పోలేదేం?"

"పోవడానికి బండేదీ? ఇక్కడేమో చేతినిండా పని. మీ వదిన కూడా పోనిస్తేగా!"

"సరసాలు చాలు. వెలుగుండగానే తోలి రా," అంది ఆమె.

తెలియని బ్రేకుతో ఆ రోడ్డు దిగే ధైర్యం అతనికి లేదు. చివరికి తాళం ఇచ్చాడు. మెకానిక్ హెల్మెట్ తెచ్చుకోవడానికి షెడ్డులోకి వెళ్లాడు.

అతను చటుక్కున వంగి ట్యాంకు కిందున్న పెట్రోలు ట్యాపు కట్టేశాడు. గొట్టంలో మిగిలిన నాలుగు చుక్కలతో బండి కొంత దూరం పోతుంది, తర్వాత ఆగుతుంది. దొంగైతే దొరికిపోతాడు. మంచివాడైతే ట్యాపు తిప్పుకుని వస్తాడు. ఆ మాత్రం తెలియనివాడు మెకానికెలా అవుతాడు?

మెకానిక్ ఒక మేకు ఖాళీ చేసి, హెల్మెట్ పెట్టుకుంటూ వచ్చాడు. బండెక్కి ఒక్క క్షణం ఆగాడు.

"నేను లోపలికెళ్లినప్పుడు బండిని ముట్టుకోలేదు కదా?"

"లేదే."

"ఒట్టు?"

"లేదన్నానుగా అన్నా!"

మెకానిక్ అతని మొహంలోకి చూశాడు. మళ్లీ అడగబోయినట్టే ఉన్నాడు. కానీ కిక్కు కొట్టి వెళ్లిపోయాడు.

బండి చప్పుడు కిందికి, ఇంకా కిందికి దిగి, మంచులో కలిసిపోయింది. అతను రోడ్డు అంచున నిలబడి చెవులు రిక్కించాడు. కాసేపటికి మళ్లీ వినిపించింది. ఎక్కి వస్తోంది. 'పాపం, మంచివాడే' అనుకుని ఊపిరి వదిలాడు.

అంతలో ఆ చప్పుడు టక్కున ఆగిపోయింది.

ఆమె చేతిలో గరుకు కాగితం కూడా ఆగిపోయింది.

ఆ వెనకే లారీ హారన్ ఒకటి, పొడుగ్గా.

లారీ షెడ్డు ముందుకొచ్చి ఆగేసరికి మంచు గడప దాకా వచ్చేసింది. డ్రైవరు హెల్మెట్ పట్టుకుని దిగాడు.

"నా ముందే ఎక్కుతున్నాడమ్మా. సరిగ్గా మలుపులో బండి ఆగిపోయింది. నేను ఎక్కుడు ఊపులో ఉన్నా, బ్రేకు మీద నిలబడ్డా లోడు ఆగలా. తప్పుకుందామని అంచుకి నెట్టాడు... రోడ్డు మీద ఇదొక్కటే మిగిలింది. మనుషుల్ని, తాళ్లని తెస్తానమ్మా." లారీ వెళ్లిపోయింది.

ఆమె ఏడవలేదు. హెల్మెట్‌కంటిన మట్టి తుడిచి, ఖాళీ మేకుకి తగిలించింది. బల్ల మీది స్పానర్ తీసుకుని అతని దగ్గరికొచ్చింది.

"ట్యాపు కట్టేశావు కదూ?"

అతను ఖాళీ రోడ్డు వైపు చూశాడు.

స్పానర్ అతని అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది. "భయపడకు, ఎవరికీ చెప్పను. ఆయన కూడా ఇక్కడికొచ్చిన రోజున చేసింది ఇదే."