ఏటా పన్నెండు గుడ్లు

రోగం తగిలిన నాలుగో రోజు తెల్లారేసరికి గూట్లో ఒక్క కోడి కూడా మిగల్లేదు.

పశువుల డాక్టరు ముక్కుకు గుడ్డ కట్టుకుని లోపలికి వెళ్ళాడు. ఐదు నిమిషాల్లో బయటికొచ్చాడు. చేతి తొడుగులు తీస్తూ, పెరటి మెట్టు మీద కూలబడి ఉన్న పెద్దకోడలి వైపు చూశాడు.

"అన్నీ పోయాయమ్మా. లోతుగా గొయ్యి తీయించి, సున్నం వేసి పూడ్చండి."

ఆవిడ తల ఊపింది.

అవి మామూలు కోళ్ళు కావు. ఆ జాతిలో నల్లవి ఉన్నాయి, తెల్లవి ఉన్నాయి. బూడిదనీలం రంగువి మాత్రం ఆ ఒక్క ఇంట్లోనే ఉండేవి. ఒక్కో ఈక అంచున కాటుకతో గీసినట్టు సన్నటి గీత. ఎండలో తిరుగుతుంటే దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. ఆ రంగు తేవడానికి అత్తగారికి ముప్ఫై ఏళ్ళు పట్టింది. ఆవిడ పోయాక ఏడేళ్ళుగా పక్షుల ప్రదర్శనలో మొదటి బహుమతి పెద్దకోడలిదే. పేపర్లో ఫొటో కూడా వేశారు, చంకలో పుంజుతో.

ఆ రంగు నిలబెట్టడం ఆషామాషీ కాదు. నీలం పుంజుకి నీలం పెట్టను కలిపినా పిల్లల్లో సగం నల్లగానో, తెలుపు మీద మరకలుగానో తేలేవి. రంగు తప్పినవాటిని పెద్దకోడలు ఉంచేది కాదు. ఈక మొలిచి రంగు తెలియగానే మెడ విరిచేసేది.

"ఆ నల్లపిల్లల్నయినా నాకివ్వండక్కా," అని చిన్నకోడలు ఒకసారి అడిగింది. ఆమె కాపురం ఊరికి ఆ చివర.

"రంగు తప్పినవి నీకెందుకే? ఏటా గుడ్లిస్తున్నానుగా."

ఇచ్చేది కూడా. ఏ ఏడూ మానలేదు. అత్తగారు మంచంలో ఉండి, అయినవాళ్ళందరి ముందూ చెప్పిన మాట అది: "కోళ్ళు పెద్దదానివి. ఏటా పన్నెండు గుడ్లు మాత్రం చిన్నదాని చేతిలో పెట్టాలి." పెద్దకోడలు పెద్ద పెద్ద గుడ్లు ఏరి, బుట్టలో గడ్డి పరిచి, వీధి గుమ్మంలో నలుగురూ చూస్తుండగా అందించేది.

ఏడేళ్ళలో ఎనభైనాలుగు గుడ్లు. ఒక్కటీ పిల్ల కాలేదు.

మొదటి ఏడు పొదిగిన పెట్ట మంచిది కాదన్నారు. రెండో ఏడు చిన్నకోడలు పక్కింటావిడ పెట్టను అడిగి తెచ్చుకుంది. ఇరవై ఒక్క రోజులయ్యాయి, పాతికయ్యాయి. గుడ్లన్నీ మురిగిపోయాయి. మళ్ళీ నెల తిరక్కుండానే అదే పెట్ట పక్కింట్లో పదకొండు పిల్లల్ని లేపింది. పెట్టలో లోపం లేదని తేలిపోయింది. గుడ్లలో లోపమా అంటే, అదే గూటి గుడ్లు పెద్దకోడలి పెరట్లో చక్కగా పిల్లలవుతున్నాయి.

ఇక మిగిలింది చిన్నకోడలి చెయ్యి.

ఆ మాట మొదట ఎవరన్నారో తెలియదు. మూడో ఏడు ఆమెకి ఐదో నెలలో కడుపు పోయినప్పుడు మాత్రం అందరూ అన్నారు. మొగుడు ఒకరోజు అన్నం తింటూ, తల ఎత్తకుండానే, "నీ చేతిలో గుడ్డే నిలవలేదు," అన్నాడు. ఆమె ఇంకాస్త కూర వడ్డించింది.

నాలుగో ఏడు గుడ్లను తను ముట్టుకోలేదు. పక్కింటావిడ చేత పెట్ట కింద పెట్టించింది. అవీ మురిగాయి.

"నీ గడప దాటగానే వాటికి ఆయుష్షు తీరిపోయినట్టుంది," అని పక్కింటావిడ నవ్వింది. సరదాకే అంది. చిన్నకోడలు కూడా నవ్వింది.

ఆ తర్వాత ఎవరి పసిబిడ్డనీ ఆమె ఎత్తుకోలేదు. పెద్దకోడలికి మనవరాలు పుడితే చూడ్డానికి వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

"ఎత్తుకోవే. ఏం కాదులే," అంది పెద్దకోడలు.

"వద్దక్కా. ఇక్కడ్నుంచే చూస్తాను."

పెద్దకోడలు బలవంతపెట్టలేదు.

ఇప్పుడు కోళ్ళు పోయాయని కబురు తెలిసి, చిన్నకోడలు ఆ చివర నుంచి ఈ చివరకి నడిచి వచ్చింది. ఆమె పెరటి వాకిట్లో అడుగుపెట్టేసరికి డాక్టరు అడుగుతున్నాడు.

"ఈ రంగువి ఇంకెక్కడైనా ఉన్నాయా? ఒక్క జత దొరికినా చాలు, మళ్ళీ మొదలుపెట్టొచ్చు. గుడ్లు ఎవరికైనా ఇచ్చారా?"

"ఇచ్చాను. ఇదిగో, మా తోడికోడలికే. ఏటా ఇచ్చాను."

డాక్టరు మొహం విప్పారింది. "మీ ఇల్లు దూరమేగా? అయితే రోగం అక్కడిదాకా వచ్చి ఉండదు. ఎన్ని ఉన్నాయమ్మా మీ దగ్గర?"

చిన్నకోడలు తల అడ్డంగా ఊపింది. మొగుడు ముచ్చటపడి కట్టించిన గూట్లో ఇప్పుడు కట్టెలు ఉన్నాయి.

డాక్టరు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

చిన్నకోడలు వచ్చి పెద్దకోడలి కాళ్ళ దగ్గర కూర్చుంది. ఏడుపు ఆపుకోలేకపోయింది.

"నన్ను క్షమించండక్కా. ఒక్కటంటే ఒక్కటి పిల్లయినా అత్తయ్యగారి రంగు నిలిచేది. ఎనభైనాలుగు గుడ్లు చేతులారా చంపుకున్నాను."

పెద్దకోడలి కళ్ళల్లోంచీ నీళ్ళు కారుతున్నాయి. అవి నిజమైన కన్నీళ్ళే. ఆవిడ తోడికోడలి తల నిమిరింది.

"ఊరుకోవే. నీ చెయ్యి అంతే. నువ్వు మాత్రం ఏం చేస్తావు."

ఆ పన్నెండు గుడ్లనూ ఏటా వేడినీళ్ళలో ఐదు నిమిషాలు ఉంచి, తుడిచి, చల్లారాకే బుట్టలో పేర్చి ఇచ్చేది పెద్దకోడలు.