యాభై అని చెప్పండి చాలు

"మా ఆవిడకి ఒక అబద్ధం చెప్పాలి డాక్టరు గారూ. మీ నోటితో చెబితేనే నమ్ముతుంది."

సోఫాల మేస్త్రి గదిలోకి వస్తూనే తలుపు దగ్గరికి లాగాడు. కుర్చీని అరచేత్తో ఓసారి నొక్కి చూసుకుని మరీ కూర్చున్నాడు. ఊపిరితిత్తిలో క్యాన్సర్ గడ్డ తీసేసి కొన్నాళ్ళే అయింది. కుట్లు విప్పించుకుని, ఇకముందు సంగతేమిటో విందామని భార్యతో కలిసి వచ్చాడు. ఆవిడ కింద మందుల షాపు దగ్గర వరసలో నిలబడి ఉంది.

"ఏమిటా అబద్ధం?" అంది డాక్టరమ్మ.

"ఫోన్లో చూశాను. ఈ జబ్బు వచ్చినవాళ్ళలో ఐదేళ్ళు బతికేది నూటికి ఇరవై మందేనట. ఆ అంకె తన చెవిన పడకూడదు. యాభై అని చెప్పండి."

"చూడండి, ఆ ఇరవై ఎవరి లెక్కంటే..."

"ఎవరిదైతే ఏముందిలెండి! నేను గుండె రాయి చేసుకున్నాను. బాధంతా తన గురించే. నేను దగ్గితే చాలు, లేచి కూర్చుంటుంది. అందుకని తలగడలో మొహం దూర్చి దగ్గుతున్నాను. తనేమో నిద్రపోయినట్టు నటిస్తోంది. ఇద్దరికీ కంటి మీద కునుకు లేదు."

"మరి యాభయ్యే ఎందుకు?"

"బేకరీలో కౌంటరు దగ్గర ఉండే మనిషండీ. పొద్దున లేస్తే ఎన్ని మొహాలు చూస్తుందో! మరీ పెద్ద అబద్ధమైతే ఇట్టే పట్టేస్తుంది. యాభై అయితే మింగుడుపడుతుంది."

డాక్టరమ్మ ఏదో చెప్పబోయింది. ఇంతలో నర్సు వచ్చి కుట్లు విప్పాలంటూ మేస్త్రిని పక్కగదిలోకి తీసుకుపోయింది.

అతను అటు వెళ్ళాడో లేదో, మందుల సంచీతో భార్య లోపలికి వచ్చింది. వస్తూనే ఆవిడా తలుపు దగ్గరికి లాగింది.

"డాక్టరు గారూ, ఆయన వచ్చేలోపు ఒక్క మాట. ఆయనకి నిజం చెప్పకండి."

"ఏ నిజం?"

"నూటికి ఇరవై అట కదా! మా బేకరీకి వచ్చే కాలేజీ అమ్మాయి చదివి చెప్పింది. ఆయనకి మాత్రం నలభై అని చెప్పండి. అంతకు మించొద్దు. అసలే అనుమానపు పక్షి, నమ్మడు."

"మీ ఆయన ధైర్యంగానే కనిపిస్తున్నారే?"

"పైకి అంతేనండీ. ఈమధ్య నాకు గ్యాస్ సిలిండర్ మార్చడం నేర్పిస్తున్నాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ దాన్ని నన్ను ముట్టుకోనిచ్చిన మనిషి కాదు. ఎందుకు నేర్పుతున్నాడో తెలియదా నాకు? ఒక్కసారి చూడగానే వచ్చేసింది. అయినా కావాలనే తప్పు చేస్తున్నాను. వచ్చేసిందంటే నిశ్చింతగా వెళ్ళిపోతాడేమోనని."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"చూడమ్మా, అసలు సంగతేమిటంటే..."

తలుపు తెరుచుకుంది. చొక్కా గుండీలు పెట్టుకుంటూ మేస్త్రి వచ్చాడు. భార్య పక్కన కూర్చుని, డాక్టరమ్మకేసి చూసి కన్నుగీటాడు. భార్య మేజా అంచు కింద నుంచి నాలుగు వేళ్ళు చూపించింది.

డాక్టరమ్మ గొంతు సవరించుకుంది.

"గడ్డ చిన్నది. పక్కకి పాకకముందే దొరికింది, మొత్తం తీసేశాం. మొదట్లోనే దొరికినవాళ్ళనీ, ముదిరాక వచ్చినవాళ్ళనీ ఒకే గాటన కట్టకూడదు. మీలాంటివాళ్ళని విడిగా లెక్కేస్తే, ఐదేళ్ళ తర్వాత కూడా నూటికి డెబ్బై మంది బతికే ఉంటున్నారు. ఐదేళ్ళంటే గడువు కాదు, అక్కడ ఆగి లెక్కపెడతారంతే. ఆ డెబ్బైలో మీరుంటారని నేను మాటివ్వలేను. అంకె మాత్రం అది."

మేస్త్రి భార్య మొహం చూశాడు. భార్య మేస్త్రి మొహం చూసింది.

"విన్నావా?"

"మీరు విన్నారా?"

ఇద్దరూ ఒక్కసారే అన్నారు, ఒక్కసారే నవ్వారు. లిఫ్టు ఆపి ఉంచుతానంటూ ఆవిడ ముందు నడిచింది. మేస్త్రి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"ఎంత బాగా అల్లారండీ! గడ్డ చిన్నదట, విడిగా లెక్కెయ్యాలట! ముందే తెలియకపోతే నేనూ నమ్మేసేవాణ్ణి. కానీ యాభై చాలంటే డెబ్బై దాకా లాగారేమిటి? పాకం కాస్త ముదిరింది."

"యాభై మీరు చెప్పమన్నారా?"

లిఫ్టు దగ్గరుండాల్సిన మనిషి గుమ్మంలో ఉంది.

"నేను నలభై కదా చెప్పమన్నది!" అంది నోరు జారి.



"అయితే ఆ ఇరవై సంగతి నీకు తెలుసా?" అన్నాడు మేస్త్రి మెల్లగా.

"మీకూ తెలుసా?"

ఆవిడ వచ్చి కుర్చీలో కూలబడింది. మేస్త్రి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు.

"ఇన్నాళ్ళూ ఒక్కదానివే మోశావా పిచ్చిదానా?"

"మీరు మాత్రం?"

కాసేపటికి ఆవిడే ముందు తేరుకుంది. కొంగుతో తన కళ్ళు తుడుచుకుని, అదే కొంగుతో అతని కళ్ళూ తుడిచింది.

"పోనివ్వండి డాక్టరు గారూ. ఇద్దరికీ తెలిసిపోయాక ఇంక అబద్ధం ఎవరి కోసం? ఇరవై అయితే ఇరవై. ఆ ఇరవైలోనే ఈయన్ని ఎలాగోలా ఇరికిస్తాను."

"అంత ఇరికించక్కర్లేదమ్మా," అంది డాక్టరమ్మ. "మీరిద్దరూ చెప్పమన్న అబద్ధాల్లో నేను ఒక్కటీ చెప్పలేదు. నిజంగానే డెబ్బై."