నిండితేగానీ కదలదు

"పన్నెండు దాటితే మంత్రిగారు వెళ్ళిపోతారండి. కాస్త తొందరగా పోనిద్దురూ," అన్నాడు సత్తియ్య, అప్పటికి మూడోసారి.

"నేనున్నాగా బాబాయ్, కంగారెందుకు?" అంటూ హరిబాబు గారు వ్యాన్‌ని టిఫిన్ హోటల్ ముందు ఆపించారు. "ఖాళీ కడుపులకి వంతెనలు రావు. ముందు పెసరట్టు ఉప్మా కానివ్వండి!"

వ్యాన్‌లో ఉన్నవాళ్ళంతా ఘొల్లున నవ్వి దిగారు. వంతెన సాధన సమితి అంటే వాళ్ళే. గోదావరి పాయ మీద వంతెన వేయించమని, అవతలి ఒడ్డున గెస్ట్‌హౌస్‌లో దిగిన మంత్రిగారికి అర్జీ ఇవ్వడానికి బయలుదేరారు. హరిబాబు గారు అధ్యక్షులు. సత్తియ్య ఉపాధ్యక్షుడు.

ఆ పదవి సత్తియ్యకి ఊరికే రాలేదు. కిందటేడు భార్య లోవలక్ష్మికి గుండెనొప్పి వస్తే అంబులెన్సు రేవులో ఆగిపోయింది. మనుషుల్నీ బండ్లనీ ఏరు దాటించే పంటు అవతలి ఒడ్డున ఉంది. నిండితేగానీ కదలదన్నారు. నిండింది, కదిలింది, వచ్చింది. అప్పటికి లోవలక్ష్మి లేదు. ఆ రోజు అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చి, సత్తియ్యని కావిలించుకుని ఏడ్చింది హరిబాబు గారే. దినకార్యం కాకుండానే సమితి పెట్టారు. దేవుడులాంటి మనిషి.

టిఫినయ్యాక పూతరేకుల కొట్టు దగ్గర మళ్ళీ ఆగారు. మంత్రిగారి దగ్గరికి ఉత్త చేతులతో వెళ్తామా? ఆ తరవాత గజమాల. హరిబాబు గారు కుర్చీ వేయించుకుని, "బంతులు ఇంకాస్త ఒత్తుగా గుచ్చవోయ్," అంటూ దగ్గరుండి కట్టించారు. ఎక్కడా ఎవర్నీ జేబులో చెయ్యి పెట్టనివ్వలేదు. ఆయన చేతికి ఎముక లేదు మరి.

"ఆలస్యమైపోద్దండి," అని సత్తియ్య గొణిగితే సూర్యకళ టీచరు కోప్పడింది.

"ఆయన ఇదంతా ఎవరికోసం చేస్తున్నారండీ? మనకోసం కాదూ?"

సత్తియ్య సిగ్గుపడి, గజమాలకి తనూ ఓ చెయ్యి వేసి వ్యాన్‌లోకి ఎక్కించాడు.

రేవుకి చేరేసరికి పంటు అప్పుడే ఒడ్డు వదిలింది. టికెట్ల సంగతి తాను చూస్తానని హరిబాబు గారు ఒక్కరే టికెట్లిచ్చే గదిదాకా వెళ్ళొచ్చారు. వస్తూనే మైకు లేకుండా విరుచుకుపడ్డారు.

"చూశారా! ఇదండీ మన బతుకు! ఈ పంటువాళ్ళ దయాదాక్షిణ్యాల మీద ఇంకెన్నాళ్ళండీ?"

రేవు రేవంతా చప్పట్లు కొట్టింది.

పంటు తిరిగొచ్చి, తీరిగ్గా నిండి, అవతలికి చేరేసరికి మంత్రిగారు వెళ్ళిపోయారు. సత్తియ్య గెస్ట్‌హౌస్ మెట్ల మీద కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు.

"మా లక్ష్మి ఎలాగూ తిరిగిరాదండి. ఇంకో ఇంట్లో అలా జరక్కూడదని కదండీ..."

"ఊరుకో బాబాయ్. వంతెన వచ్చేదాకా నేను కంటిమీదికి కునుకు రానివ్వను," అన్నారు హరిబాబు గారు, కండువాతో కళ్ళొత్తుకుంటూ.

భోజనాలు చేసి వెనక్కి రేవుకొచ్చేసరికి ఆయన ముందు సీట్లో గురక పెడుతున్నారు. సత్తియ్యకి మనసు ద్రవించిపోయింది. పొద్దుట్నుంచీ ఖర్చంతా ఆయనదే. పోనీ తిరుగు టికెట్లయినా మనం కొందామని దిగి, టికెట్ల గదిలో ఉన్న గుమాస్తా ముందు నోటు పెట్టాడు.

"ఏ బండికండీ?"

"అదుగోండి, హరిబాబు గారి వ్యాన్‌కి."

గుమాస్తా ఒకసారి తొంగిచూసి, నవ్వి, నోటు వెనక్కి తోశాడు.

"భలేవారే! రేవు వేలంపాట బావమరిది పేరున ఉంటే మాత్రం, సొంత పంటుకి హరిబాబు గారు టికెట్టు కొంటారేంటండీ?"